భూతద్దం కింద ఆవగింజ

1894 ఆగస్టు 26, ఆదివారం

భూతద్దం వచ్చింది! గడ్డిలో చుట్టి, గుడ్డలో కట్టి, చిన్న చెక్కపెట్టెలో పెట్టి రాజమండ్రి నుంచి పడవ మీద పంపించారు డాక్టరు దొరగారు. ఆయన తన దేశం వెళ్ళిపోతూ సామానంతా తలా ఒకటి పంచిపెట్టారట. ఇది మాత్రం "కొంగలలంక బడి పంతులు యెహెజ్కేలుకి" అని చీటీ రాసి మరీ ఇచ్చారు. ఇత్తడి పిడి. అద్దం అరచేతంత. గోదావరి జిల్లా మొత్తం మీద ఏ మిషను బడిలోనూ ఇలాంటిది లేదు. ఉంటే ఉండవచ్చు, నాకు మాత్రం తెలియదు.

సాయంత్రం రేవులో అమ్మిరాజు గారికి చూపించాను. లంకలో సగం పొగాకు ఆయనదే. నోట్లో చుట్ట లేకుండా ఆయన్ని నేనెన్నడూ చూడలేదు. పత్రిక తెప్పించుకుని చదువుతారు, చదివిందంతా నా మీద ప్రయోగిస్తారు.

"ఏం పంతులూ, మా పురాణాలనే నేను ఒప్పుకోను, మీ పుస్తకాన్ని ఒప్పుకుంటానా? ఏదైనా సరే శాస్త్రం ముందు పెట్టాలి. నిలిస్తే నిజం, లేకపోతే కట్టుకథ."

"పెట్టండి," అన్నాను. "ఒక్కొక్క మాటే పెట్టండి. నిలుస్తుంది. ఇదిగో, సాక్షి నా చేతిలోనే ఉంది."

పాస్టరు ఆశీర్వాదం గారు వింటే చీవాట్లు పెడతారు. దేవుని మాటను పరీక్షకు పెట్టడం అపనమ్మకం అంటారాయన. ఆయన నెలకోసారి పడవ మీద వచ్చి వెళ్ళిపోతారు, ఈ అమ్మిరాజుతో రోజూ వేగేది నేను. నిజం నిప్పులాంటిదైతే పరీక్షకు భయమెందుకు?

ఆగస్టు 29

ఈగ కాలు చూశాను. చీమ తల చూశాను. నా బొటనవేలు చూసి కాస్త దిగులు పడ్డాను. మా దేవకుమారి వచ్చి, "ఏమండీ, బియ్యంలో రాళ్ళు దాంతో ఏరిపెడతారా?" అంది. ఈ ఇంట్లో శాస్త్రానికి గౌరవం లేదు.

సెప్టెంబరు 2, ఆదివారం

ఈ రోజు నా ప్రసంగం అమోఘం. ఆవగింజ మాట చెప్పాను. దేవుని రాజ్యం ఆవగింజ లాంటిదనీ, గింజలన్నిటిలోనూ అది చిన్నదనీ, విత్తితే అదే చెట్టయి పిట్టలకు చోటిస్తుందనీ ప్రభువు చెప్పిన మాట. ఆవగింజను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పైకెత్తి చూపించాను. "దీనికన్నా చిన్న గింజ సృష్టిలో ఉంటే తెచ్చి చూపించండి!" అన్నాను. గుడిలో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం.

ఒక్క వీరమ్మ మాత్రం తలుపు దగ్గర నిలబడి నవ్వింది. నవ్వు కూడా కాదు, పెదవి కదిపింది.

వీరమ్మకి ఇంకా బాప్తిస్మం కాలేదు. అందుకే తలుపు దగ్గర నిలబడుతుంది. రెండుసార్లు పాస్టరు గారి ప్రశ్నల దగ్గర తప్పింది. మొదటిసారి ఆజ్ఞల వరస తప్పింది. రెండోసారి ప్రార్థన అప్పజెబుతూ, మధ్యలో "మా నారు కుళ్ళకుండా చూడు తండ్రీ" అని సొంత మాట కలిపింది. మూడోసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు, ఇక అడగడం ఉండదు. అది పాస్టరు గారి నియమం. అందుకే రెండు నెలలుగా నేనే కూర్చోబెట్టి నేర్పుతున్నాను. మూడేళ్ళుగా నిలబడుతోంది ఆ మనిషి. వానొస్తే సగం తడుస్తుంది.

ప్రార్థన అయ్యాక దగ్గరికి వచ్చింది. "పంతులుగారూ, చిన్న మాటండి. పొగాకు గింజ ఇంకా చిన్నదండి."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలండి? ఇరవై ఏళ్ళ నుంచీ అమ్మిరాజుగారి నారుమళ్ళలో ఇత్తనం చల్లేది నేనే గదండి."

"అయితే పట్టుకురా," అన్నాను ధీమాగా.

సెప్టెంబరు 4

తెచ్చింది. ఆకులో మడిచి ఇచ్చింది. ఎండిన కాయ ముక్కలూ, అడుగున నలుసుల్లాంటి గోధుమరంగు పొడీ ఉన్నాయి. గింజలు ఏవని అడిగాను. ఆ పొడేనట.

సెప్టెంబరు 5

చూశాను. రేపు మళ్ళీ చూస్తాను.

సెప్టెంబరు 6

మబ్బుగా ఉంది. వెలుతురు చాలకపోతే అద్దం మోసం చేస్తుంది.

సెప్టెంబరు 7

ఎండ బాగా కాసింది. వెలుతురు మరీ ఎక్కువైనా అద్దం మోసం చేస్తుంది.

నా బొటనవేలి గోరు మీద అడ్డంగా ఆవగింజలు తొమ్మిది పట్టాయి. పొగాకు గింజలు ఇరవై దాకా పేర్చాక తుమ్ము వచ్చింది. అన్నీ ఎగిరిపోయాయి. కాబట్టి ఈ పరీక్ష లెక్కలోకి రాదు.

సెప్టెంబరు 8

తప్పు ఆవాలలో ఉండవచ్చు. దేవకుమారి పోపుల పెట్టెలోవి మరీ బలిసిన ఆవాలు. పల్చటి గుడ్డలో వేసి జల్లించాను. అన్నిటికన్నా చిన్నవి పదకొండు దొరికాయి. అందులో ఏడు విరిగినవి, మూడు పుచ్చులు.

"మీరు చేస్తున్నది పరీక్షా, వకాల్తానా?" అంది దేవకుమారి, నేల మీద దొర్లుతున్న ఆవాలు ఏరుకుంటూ. ఆడవాళ్ళకి చదువు చెప్పించాలని ఉపన్యాసాలిచ్చినవాణ్ణి నేనే. అనుభవించాలి.

సెప్టెంబరు 9, ఆదివారం

దొరికింది! తెల్లవారుతూనే మనసులో మెరిసింది. పొగాకు మన దేశపు పంటే కాదు. పరంగి తెల్లవాళ్ళ ఓడల్లో ఎక్కడో పడమటి నుంచి వచ్చింది. ప్రభువు తిరిగిన నేల మీద ఆ రోజుల్లో పొగాకే లేదు. మరి ఆయన లెక్కలో అది ఎందుకుంటుంది? ఇంత తేలికైన మాటకి నాలుగు రోజులు కళ్ళు పాడుచేసుకున్నాను.

గుడి బయట వీరమ్మకి చెప్పాను.

"ఆయ్," అంది. తర్వాత, "అయితే ప్రభువుకి పొగాకు సంగతి తెలీదాండి?"

"తెలియకేం? సమస్తం చేసినవాడు."

"మరెందుకు చెప్పలేదండి?"

"వినేవాళ్ళు ఆ ఊరి రైతులు. వాళ్ళకి తెలియదు కాబట్టి."

"ఆయ్. ఇక్కడ వినేవాళ్ళకి తెలుసు గదండి మరి."

పోయి పని చూసుకోమన్నాను. మాటకి మాట చెప్పడం నేర్పింది నేనే.

సెప్టెంబరు 12

జయం! జయం! అమ్మిరాజు గారు ఓడిపోయారు, బడి అరుగు మీద, పదిమంది చూస్తుండగా!

వీరమ్మ అన్న మాట నారుమళ్ళకీ, అక్కణ్ణుంచి ఆయన చెవికీ చేరింది. మధ్యాహ్నం పొలంలో పనిచేసే నలుగురు పాలికాపులను వెంటబెట్టుకుని వచ్చారు.

"మా కూలోళ్ళు నవ్వుకుంటున్నారు పంతులూ. ఆవగింజ చిన్నదా, పొగాకు గింజ చిన్నదా? తియ్యి నీ అద్దం. ఇవాళతో తేలిపోవాలి."

తెల్లకాగితం పరిచాను. ఒక పక్క నా పదకొండు ఆవాలలో మేలైనది పెట్టాను. రెండో పక్క వీరమ్మ ఇచ్చిన పొట్లంలోంచి ఒకటి తీసి పెట్టాను. కాయ ముక్కకి అంటుకుని ఎండిపోయిన ముద్ద అది, సగం మిరియమంత ఉంటుంది. అమ్మిరాజు గారు వంగి అద్దంలోంచి చూశారు. నుదురు చిట్లించారు.

"ఇదా పొగాకు గింజ?"

"మీ నారుమడి నుంచి వీరమ్మ స్వయంగా తెచ్చి ఇచ్చిందండి," అన్నాను.

ఆయన మరోసారి చూశారు. "ఆఁ, అవునవును. ఇంతే ఉంటది," అన్నారు. ముప్పై ఏళ్ళుగా పొగాకు పండిస్తున్న ఆసామి! చుట్ట నోట్లోంచి తీయకుండానే, "సరే, ఈ ఒక్కటీ నీదే," అని లేచి వెళ్ళిపోయారు. శాస్త్రం సాక్ష్యం చెప్పింది, వాక్యం నిలిచింది. పాలికాపులు నాకు దణ్ణం పెట్టారు.

నేను అబద్ధమాడలేదు. వీరమ్మ తెచ్చి ఇచ్చిందన్నాను, తెచ్చి ఇచ్చింది. అది గింజ అని నేనన్నానా? అనలేదు. ఆయనే అన్నారు.

సెప్టెంబరు 13

పాస్టరు గారికి జాబు రాశాను. "శాస్త్రప్రకారం పరీక్షించగా" అని మొదలుపెట్టాను. నాలుగుసార్లు తిరగరాశాను. చేతిరాత కుదరక.

సెప్టెంబరు 16, ఆదివారం

పాస్టరు గారు వచ్చారు. పడవ దిగుతూనే, "వాక్యాన్ని పరీక్షకు పెట్టడానికి నువ్వెవడివోయ్?" అని గద్దించారు. అన్నం తిన్నాక మెత్తబడ్డారు. ప్రార్థనలో నా జాబు అందరికీ చదివి వినిపించారు. "మన యెహెజ్కేలు ఆ ఆసామి నోరు మూయించాడు," అన్నారు. జనం నా వైపు తిరిగి చూశారు.

తర్వాత వీరమ్మను పిలిచి ప్రశ్నలు అడిగారు. ఆజ్ఞలు వరస తప్పకుండా చెప్పింది. ప్రార్థనలో తన నారు సంగతి ఎత్తలేదు. తొమ్మిదికి తొమ్మిదీ చెప్పింది. పదో ప్రశ్న దగ్గర పాస్టరు గారు నన్ను సంతోషపెడదామని, ఆవిడకి తేలికగా ఉంటుందని, నవ్వుతూ అడిగారు.

"గింజలన్నిటిలోకీ చిన్నది ఏది, వీరమ్మా?"

వీరమ్మ నా వైపు చూసింది. నేను గుడి కప్పు వైపు చూశాను. తాటాకులు రెండు చోట్ల చిల్లులు పడ్డాయి.

"పొగాకు గింజండి అయ్యగారూ."

"ప్రభువు ఏమని చెప్పారు?"

"ఆవగింజ అని చెప్పారండి."

"మరి?"

"ఏది చిన్నదని అడిగారు గదండి. నాకు తెలిసింది చెప్పానండి."

పాస్టరు గారు నా జాబు తీసి ఆవిడ ముఖం ముందు పెట్టారు, చదువు రాని మనిషి ముందు. "వాక్యం చెప్పింది. శాస్త్రం కూడా రుజువు చేసింది. ఇదిగో, నీకు నేర్పిన పంతులే రాశాడు. రెంటినీ కాదనే గర్వం నీకెక్కడిది?" అని పుస్తకం తెరిచి పేరు మీద గీత గీశారు. మూడోసారి.

వీరమ్మ చేతులు జోడించింది. పైట సర్దుకుని తలుపులోంచి వెళ్ళిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

సెప్టెంబరు 17

పాస్టరు గారు నన్ను మెచ్చుకున్నారు.

సెప్టెంబరు 19

అందరి ముందూ మెచ్చుకున్నారు. రాజమండ్రిలో పెద్ద దొరలకి కూడా చెబుతానన్నారు.

సెప్టెంబరు 23, ఆదివారం

వీరమ్మ రాలేదు. తలుపు దగ్గర ఎవరూ లేకపోవడం వల్ల లోపలికి గాలి బాగా వచ్చింది.

సెప్టెంబరు 26

నాలుగు రోజులుగా చారులో పోపు లేదు. అడిగితే, "ఆవాలు లేవండి, శాస్త్రానికి ఖర్చయిపోయాయి," అంది దేవకుమారి. ఆవిడకి అంతా తెలుసు. ఎలా తెలుసో తెలియదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే ఏదో ముఖం పెట్టి ఉంటాను.

సెప్టెంబరు 30, ఆదివారం

గాలి బాగా వచ్చింది.

అక్టోబరు 3

ఈ రోజు బడికి సెలవిచ్చి నారుమళ్ళ దగ్గరికి వెళ్ళాను. రాయవలసింది చాలా ఉంది. దాచకుండా రాస్తాను, ఇది చదివేది నేనొక్కణ్ణే గనక.

వీరమ్మ ఒంగి మడి చదును చేస్తోంది. వరద తీసిన ఒండ్రుమట్టి, పిండిలా ఉంది. నన్ను చూసి, "రండి పంతులుగారూ," అంది, నిన్ననే చూసినట్టు. గట్టు మీద కూర్చున్నాను. ఆవిడ తన పని చేసుకుపోయింది.

చిన్న కుండలోంచి మూడు వేళ్ళతో చిటికెడు గింజలు తీసింది. తట్టలో మెత్తటి బూడిద ఉంది. ఆ చిటికెడూ అందులో వేసి చాలాసేపు కలిపింది. ఎందుకని అడిగాను.

"ఒట్టి గింజ చేతికి తెలీదండి. చల్లితే అంతా ఒకచోటే పడిపోద్ది. బూడిదలో కలిపితే బూడిద ఎక్కడ పడిందో కనపడద్ది. దాన్ని బట్టి గింజ పడిందని నమ్ముకోవడమేనండి."

"కనబడకుండానే చల్లుతావా?"

"ఆయ్. ఇరవై ఏళ్ళ నుంచీ."

ఆ చిటికెడు గింజలూ ఆ మడికంతటికీ సరిపోయాయి. ఆ మడిలో నారు అరెకరానికి పైగా వస్తుందట. నేను ఆవగింజ గురించి పదకొండేళ్ళుగా ప్రసంగాలు చేస్తున్నాను. ఒక్క ఆవగింజ నా చేత్తో మట్టిలో వేయలేదు. అమ్మిరాజు గారు ముప్పై ఏళ్ళుగా ఆకు కోయిస్తున్నారు, గింజ ఎలా ఉంటుందో చూడలేదు. అందుకే ముద్దను చూపించి ఆయన్ని మోసం చేయగలిగాను. రాశాను ఆ మాట. మోసం చేశాను.

"వీరమ్మా, నేను అద్దంలో చూశాను," అన్నాను.

"తెలుసండి. మీరు కప్పు వైపు చూసినప్పుడే తెలిసింది."

"మరి నువ్వు ఆవగింజ అనేస్తే సరిపోయేది కదా! మూడేళ్ళు నిలబడ్డావు. ఒక్క మాట!"

వీరమ్మ చేతులు దులుపుకుంది. "అనేద్దామనే అనుకున్నానండి. నాకు మాత్రం లోపల కూచోవాలని ఉండదా? కానీ దేవుడి దగ్గరకి పోయేటప్పుడు మొదటి మాటే అబద్ధం పట్టుకుపోతానా అనిపించిందండి. ఆయన ఏవన్నారండి? గింజ కొలవమన్నారా, నాటమన్నారా? నేను నాటేదాన్ని."

నేను ఏడ్చాను. గట్టు మీద కూర్చుని పంతులు ఏడవడం ఆ మళ్ళలో కూలీలందరూ చూశారు. చూడనీ.

అక్టోబరు 9

పాస్టరు గారికి జాబు రాసి చించేశాను. కాగితం మీద చేసిన తప్పు కాగితం మీద దిద్దుకుంటే చాలదు. అందరి ముందూ మెప్పు తిన్నాను, అందరి ముందే కక్కాలి. దేవకుమారికి చెప్పాను. మధ్యాహ్నం చారులో పోపు ఉంది.

అక్టోబరు 14, ఆదివారం

చెప్పేశాను! చెప్పేశాను! గుండె మీద నుంచి రోలు దిగినట్టుంది.

అమ్మిరాజు గారిని కూడా రమ్మని కబురు పంపాను. ఆయన గుడి లోపలికి రారు, కిటికీ బయట చుట్ట కాలుస్తూ నిలబడ్డారు. వీరమ్మను బతిమాలి తీసుకొచ్చింది దేవకుమారి. పాస్టరు గారు ప్రసంగం ముగించాక లేచి నిలబడ్డాను. తెల్లగుడ్డ పరిచాను. ఒక ఆవగింజ, ఒక పొగాకు గింజ. ముద్ద కాదు, గింజ. నేను చేసినదంతా వరసగా చెప్పాను.

అందరూ ఒకరి తర్వాత ఒకరు అద్దంలోంచి చూశారు. కిటికీలోంచి చెయ్యి చాచి అమ్మిరాజు గారు కూడా చూశారు. "ఓరి నీ! ఇదా నేను పండించేది?" అని బయట గట్టిగా అరిచారు. పాలికాపులు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు.

ఆఖరున పాస్టరు గారు చూశారు. చాలాసేపు చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"మన ఆవాలు ఆ దేశపు ఆవాలు కావేమో," అన్నారు.

అద్దం నా చేతికి తిరిగి ఇచ్చేశారు.

"చిన్నా పెద్దా అటుంచండి. అది మొలిచి చెట్టవుతుందని కదా మాట! పొగాకు ఒట్టి ఆకు. చుట్ట చుట్టుకుని తగలేసుకునే ఆకు. గుడి పక్కన రెండూ విత్తండి. ఇక మూడు నెలలు నేను పై ఊళ్ళ పర్యటనలో ఉంటాను, ఫిబ్రవరిలో నేనే వచ్చి చూస్తాను. ఏది చెట్టో తేలుతుంది. వీరమ్మ సంగతీ, యెహెజ్కేలూ, నీ ఉద్యోగం సంగతీ అప్పుడే తేలుస్తాను."

దేవుని మాటను పరీక్షకు పెట్టకూడదన్న ఆయనే పరీక్ష పెట్టారు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఈ నెలలో నేను చేసిన మంచి పనుల్లో అది రెండోది.

అక్టోబరు 16

విత్తాం. ఆవ నేను విత్తాను, జన్మలో మొదటిసారి. పొగాకు వీరమ్మ బూడిదలో కలిపి చల్లింది.

అక్టోబరు 21, ఆదివారం

ఆవ మొలిచింది! పొగాకు జాడ లేదు. సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

నవంబరు 4, ఆదివారం

పొగాకు నారు కనిపిస్తోంది, భూతద్దంలో. వీరమ్మ మళ్ళీ తలుపు దగ్గర నిలబడుతోంది. "పేరు కొట్టేశారు గదా" అన్నారెవరో. "నిలబడ్డానికి పేరెందుకండి?" అంది.

డిసెంబరు 9, ఆదివారం

ఆవ మోకాలు దాటింది, పసుపుపచ్చగా పూసింది. పొగాకు మొక్కని విడిగా నాటారు. జానెడు ఉంది. అమ్మిరాజు గారు రోజూ వచ్చి చూసి పోతున్నారు. ఏది గెలవాలని ఆయన కోరికో ఆయనకీ తెలియదు.

డిసెంబరు 12

పాస్టరు గారు సంతోషిస్తే అందరికీ మంచిదని ఆవ మొక్క మొదలు దగ్గర పిడికెడు పెంట ఎక్కువ వేశాను.

డిసెంబరు 13

వెళ్ళి వీరమ్మకి చెప్పేశాను. "వెయ్యండి, పాపం దాని తప్పేముంది?" అని నవ్వింది.

1895 జనవరి 15

ఆవ పెరగడం ఆగిపోయింది. కాయ పట్టింది. పొగాకు లేస్తోంది చూడండీ! రోజుకో ఆకు. నిన్న నా భుజం. పొలాల్లో మొక్కలకి ఆకు బలియాలని తలలు తుంచేస్తున్నారు. దీనికి మాత్రం తుంచలేదు. "విత్తనానికి వదిలానండి, ఎంత లేస్తదో లేవనీండి," అంది వీరమ్మ.

ఫిబ్రవరి 10, ఆదివారం

నన్ను దాటింది. ఉద్యోగం పోతుందేమో. పోతే నారుమళ్ళలో పని చూపిస్తానంది వీరమ్మ. బూడిద కలపడం వరకు వచ్చునట నాకు.

ఫిబ్రవరి 24, ఆదివారం

ఇంత గొప్ప రోజు నా జన్మలో లేదు. వరసగా రాస్తాను.

పాస్టరు గారు పడవ దిగి తిన్నగా గుడి పక్కకి నడిచారు. ఊరంతా ఉంది. ఆవ మొక్క ఆయన నడుము దాకా ఉంది, ఎండి రంగు మారింది. ఒక పిచ్చుక వచ్చి దాని మీద వాలింది. కొమ్మ నేల దాకా వంగిపోయింది, పిచ్చుక భయపడి ఎగిరిపోయింది. పక్కన పొగాకు మొక్క పాస్టరు గారి తలపాగాని మించి జానెడు పైకి ఉంది. చివర గులాబి రంగు పూలు. ఒక తేనెపిట్ట పూలలో ముక్కు పెట్టి తన ఇల్లే అన్నట్టు వేలాడుతోంది. పాస్టరు గారు తలెత్తి దాని వైపే చూస్తూ నిలబడ్డారు.

అమ్మిరాజు గారు పొగ వదిలి నవ్వారు. "ఏం పాస్టరుగారూ, గింజలోనూ తప్పే, చెట్టులోనూ తప్పే. శాస్త్రం గెలిచింది, మీ పుస్తకం ఓడిపోయింది. ఒప్పుకుంటారా?"

పాస్టరు గారు తలపాగా సర్దుకున్నారు. నాకు తెలిసిన పరంగుల ఓడలూ, ఆ దేశపు ఆవాలూ అన్నీ గొంతులో అడ్డంపడ్డాయి. అప్పుడు వెనక నుంచి వీరమ్మ ముందుకొచ్చింది.

"ఓడిపోవడం ఏంటండి రాజుగారూ?" అంది. "కంటికి ఆనని గింజ మట్టిలో వేస్తే మనిషిని మించి లేస్తదని చెప్పారా లేదాండి? లేచిందా లేదాండి? పిట్ట వచ్చిందా లేదాండి? ఆయన అక్కడి రైతులకి వాళ్ళ చేతిలో ఉన్న గింజ చూపించారు. లంకలో పుట్టుంటే పొగాకు గింజే చూపించేవారు. మీరు గింజ కొలిచి ఆ మాట అబద్ధమంటున్నారు. మా పంతులుగారు గింజ మార్చి నిజమన్నారు. ఇద్దరూ కొలిచారు గానీ అప్పటికి ఒక్కరూ విత్తలేదండి. ముప్పై ఏళ్ళ నుంచీ ఆ మాట నిజమని మీ పొలమే చెబుతోందండి. మీరు ఆకు కోసుకున్నారు గానీ గింజ చూళ్ళేదు."

అమ్మిరాజు గారు నోట్లోంచి చుట్ట తీశారు. ఆయన పై పెదవికి గాటు ఉందని నాకు ఈ రోజే తెలిసింది. ఆ మొక్కను కిందనుంచి పైదాకా చూశారు, వీరమ్మను చూశారు. "నా పొలంలో ఇరవై ఏళ్ళుగా ఉంది ఈ మనిషి," అన్నారు, ఎవరితోనో తెలియదు. చుట్ట ఆర్పేశారు.

పాస్టరు గారు పొగాకు కాయ ఒకటి తుంచి అరచేతిలో నలిపారు. గింజలు కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. కనబడలేదు. నా భూతద్దం ఇవ్వబోయాను. "వద్దులే," అన్నారు. వీరమ్మను చెయ్యి పట్టమని ఆ నలుసులు ఆవిడ చేతిలో పోశారు, ఒక్కటి కూడా జారకుండా.

తర్వాత అందరినీ లోపలికి రమ్మని పుస్తకం తెరిచారు. గీత గీసి కొట్టేసిన పేరు కింద మళ్ళీ ఆ పేరే రాశారు. "వీరమ్మా, ఒక్క ప్రశ్న మిగిలింది. గింజలన్నిటిలోకీ చిన్నది ఏది?"

నేను కప్పు వైపు చూడలేదు. ఆవిడ వైపే చూశాను.

"ఆవగింజ అని ప్రభువు చెప్పారండి. పొగాకు గింజ అని నా వేళ్ళు చెబుతాయండి. రెండూ మొలిచాయండి అయ్యగారూ."

"చాలమ్మా," అన్నారు పాస్టరు గారు. "కొత్త పేరేమైనా కావాలా?"

"వీరమ్మే చాలండి. ఆ పేరుతోనే గదండి ఇన్నాళ్ళు పిలిచాను, ఆయనకి గుర్తుండుంటది."

గోదావరి నీళ్ళు ఇత్తడి గిన్నెలో తెచ్చింది దేవకుమారి. మూడుసార్లు తల మీద పోశారు. నీళ్ళు నుదుటి మీంచి కారుతుంటే ప్రార్థన అప్పజెప్పింది. మధ్యలో ఒక్క క్షణం ఆగి, "మా నారు కుళ్ళకుండా చూడు తండ్రీ" అంది. పాస్టరు గారు అందరికన్నా గట్టిగా "ఆమేన్" అన్నారు. గుడి దద్దరిల్లింది. కిటికీ బయట అమ్మిరాజు గారు తలపాగా తీసి పట్టుకుని నిలబడ్డారు.

నా ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఆ తర్వాత వీరమ్మను ముందు వరసలో చాప మీద కూర్చోబెట్టారు. పొలాల నుంచి కూలీలు వచ్చి నిండిపోయారు, లోపల నాకు చోటు దొరకలేదు. ప్రార్థన అయ్యేదాకా తలుపు దగ్గర నేను నిలబడ్డాను. అక్కణ్ణుంచి అంతా చాలా స్పష్టంగా కనబడుతుంది.